కులపతి రఘుపతి వేంకటరత్నం నాయుడు

ఆధునికాంధ్ర సమాజ చరిత్రలో కందుకూరి వీరేశలింగం పంతులుగారి తరువాత యువజనుల హృదయాలపై చెరగని ముద్ర వేసిన సంస్కర్తలలో రఘుపతి వేంకటరత్నం నాయుడుగారు అగ్రగణ్యులు. పంతులుగారు లేఖినిని, పత్రికను, సభావేదికను ఆయుధాలుగా చేసికొని మూఢాచారాలతో పోరాడారు. నాయుడుగారు తరగతి గదిని తన కార్యక్షేత్రంగా ఎంచుకొన్నారు. విద్యార్థులు తమలో తాము ఆలోచించుకొని, తర్కించుకొని, తమ జీవితాలను తామే దిద్దుకొన్నప్పుడు సమాజం దానంతటదే మారుతుందని ఆయన విశ్వసించారు. ఆ విశ్వాసమే ఆయన జీవితానికి ఊపిరి అయింది.

నాయుడుగారి విశిష్టత బోధపడాలంటే ఆనాటి కళాశాలల స్థితిని తెలిసికోవాలి. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం వెలసిన పిమ్మట ఇంగ్లీషు చదువులు ఆంధ్ర ప్రాంతానికి క్రమంగా విస్తరించాయి. భిన్న కులాల బాలురు ఒకే ఉపాధ్యాయుని ముందు కూర్చొని ఒకే పాఠం వినే అవకాశం కలిగింది. అయితే గంట మ్రోగి తరగతి ముగియగానే ఎవరి దారి వారిదే. త్రాగునీటి కుండ వేరు, భోజనపు పంక్తి వేరు, బస చేసే ఇల్లు వేరు. షేక్స్పియరు నాటకాలను, మిల్టను కావ్యాలను కలిసి చదివిన సహాధ్యాయులు సైతం కలిసి ఒక ముద్ద తినడానికి జంకేవారు. ఇక పంచములని పిలువబడిన దళిత వర్గాల పిల్లలకు ఆ తరగతి గది గడప తొక్కడమే గగనకుసుమం. పుస్తకంలోని సమానత్వానికీ బ్రతుకులోని అసమానత్వానికీ నడుమ ఉన్న ఈ అగాధమే నాయుడుగారిని జీవితాంతం కలచివేసింది.

వేంకటరత్నం నాయుడుగారు 1862వ సంవత్సరం అక్టోబరు 1వ తేదీన మచిలీపట్నంలో జన్మించారు. తండ్రి అప్పయ్య నాయుడుగారు సైన్యంలో సుబేదారు. తండ్రి ఉద్యోగరీత్యా ఆయన బాల్యం తెలుగునాటికి దూరంగా గడిచింది. చాందా పట్టణంలో చదువుకొంటూ హిందీ, ఉర్దూ, పారశీక భాషలు నేర్చారు. దేశం నలుమూలల నుండి వచ్చిన సైనిక కుటుంబాల నడుమ, పలు భాషలు వినబడే వాతావరణంలో పెరగడం వల్ల పరభాషపట్ల, పరమతంపట్ల సహజమైన ఆదరభావం ఆయనకు చిన్ననాటనే అలవడింది. పిమ్మట హైదరాబాదులో ఉన్నత పాఠశాల విద్య పూర్తిచేసి, పై చదువులకై మద్రాసు చేరారు.

మద్రాసు క్రైస్తవ కళాశాల ఆయన జీవితంలో ఒక మలుపు. ఆ కళాశాలాధ్యక్షులు విలియం మిల్లరు దొరవారు దక్షిణ భారత విద్యారంగంలో గొప్ప పేరు గడించిన ఆచార్యులు. గురువు శిష్యునికి పాఠం చెప్పి ఊరుకోక, అతని శీలాన్ని కూడా తీర్చిదిద్దాలన్న భావం నాయుడుగారిలో అక్కడే పాదుకొన్నది. తెలుగు, తమిళ, మలయాళ, కన్నడ ప్రాంతాల విద్యార్థులు చేరిన ఆ నగరంలోనే ఆయనకు బ్రహ్మసమాజంతో పరిచయం కలిగింది. రాజా రామమోహనరాయలు 1828లో కలకత్తాలో నెలకొల్పిన ఆ సమాజం ఏకేశ్వరోపాసనను బోధించింది. భగవంతుడు ఒక్కడే అయినప్పుడు మానవులందరూ ఆయన బిడ్డలే కావాలనీ, బిడ్డలలో హెచ్చుతగ్గులు ఉండరాదనీ ఆ మత సారాంశం. నాయుడుగారు ఆ సమాజంలో చేరారు. ఆ దినాలలో బ్రహ్మసమాజంలో చేరడమంటే బంధువుల ఆగ్రహానికి, సంఘ బహిష్కారానికి సిద్ధపడడమే. ఆయన అందుకు వెనుదీయలేదు. పట్టభద్రులై, ఎం.ఏ. పట్టా కూడా పొంది అధ్యాపక వృత్తిని స్వీకరించారు.

యౌవనంలోనే ఆయనకు భార్యావియోగం సంభవించింది. బంధుమిత్రులు ఎంతగా కోరినా ఆయన మరల వివాహమాడలేదు. నాటినుండి మరణపర్యంతం తెల్లని వస్త్రాలే ధరించారు. భర్త పోయిన స్త్రీకి కఠినమైన నియమాలు విధించి, భార్య పోయిన పురుషునికి వెంటనే మరొక పెండ్లి సిద్ధపరచే సమాజంలో ఆ తెల్లని వస్త్రం మాటలు లేని ఉపన్యాసంవంటిది. అందువల్లనే ప్రజలు ఆయనను శ్వేతాంబర ఋషి అని గౌరవించారు.

ఉపాధ్యాయునిగా నాయుడుగారి ప్రభావం మొదట మచిలీపట్నంలో ప్రస్ఫుటమైంది. రాబర్టు నోబుల్ దొర 1843లో స్థాపించిన విద్యాలయం ఆనాటికి నోబుల్ కళాశాలగా వర్ధిల్లుతున్నది. నాయుడుగారు అక్కడ ఆంగ్ల సాహిత్యాన్ని బోధించారు. ఆయన పాఠం పద్యానికి అర్థం చెప్పడంతో ముగిసేది కాదు. కావ్యంలోని నీతికీ వినేవాని నడవడికీ గల సంబంధం దాకా సాగేది. పురాతన గ్రీసు దేశంలో ఏథెన్సు నగర యువకులను ప్రశ్నలతో ఆలోచింపజేసిన సోక్రటీసును తలపించడం వల్ల ఆయనకు ఆంధ్ర సోక్రటీసు అన్న పేరు వచ్చింది. ఆ పేరులోని ఔచిత్యం గమనింపదగినది. సోక్రటీసు గ్రంథాలు వ్రాయలేదు. సిద్ధమైన సమాధానాలను శిష్యుల చేతిలో పెట్టలేదు. ప్రశ్నించి, తమ నమ్మకాలను తామే పరీక్షించుకొనేటట్లు చేశాడు. నాయుడుగారి శిష్యులు కూడా తాము విన్నదానిని తమ తోటివారి నడుమ చర్చకు పెట్టి, తేల్చుకొని, ఆచరణలోకి తెచ్చినవారే.

ఆ కాలంలో ధనికుల ఇండ్ల వివాహాలలోను, ఉత్సవాలలోను భోగం మేళాలు పెట్టించడం గౌరవచిహ్నంగా చలామణి అయ్యేది. దేవదాసీ కుటుంబాలలో పుట్టిన బాలికలకు వేరొక జీవితం ఎంచుకొనే స్వేచ్ఛ ఉండేది కాదు. నాయుడుగారు సాంఘిక పవిత్రతా ఉద్యమాన్ని నడిపి, ఈ మేళాలకు హాజరు కామనీ, మద్యాన్ని ముట్టమనీ యువకులచేత ప్రతిజ్ఞలు చేయించారు. ప్రతిజ్ఞ పట్టిన యువకుడు మొదట ఎదిరించవలసింది తన ఇంటి పెద్దలనే. సొంత అన్న పెండ్లిలో మేజువాణి జరుగుతుంటే లేచి వెళ్ళిపోవడం పదునెనిమిదేండ్ల బాలునికి సామాన్యమైన పరీక్ష కాదు. ఒంటరివాడు నిలువలేని చోట పదిమంది స్నేహితులు ఒకే మాటమీద ఉంటే నిలువగలరు. విద్యార్థుల పరస్పర స్నేహమే సంస్కరణకు బలమన్న సత్యం ఈ ఉద్యమంలో రుజువైంది. దేవదాసీ ఆచారాన్ని నిషేధిస్తూ మద్రాసు రాష్ట్రంలో చట్టం వచ్చినది 1947లో. అంతకు అర్ధ శతాబ్దం ముందే ఆ చట్టానికి భూమిక కొందరు విద్యార్థుల మనస్సులలో ఏర్పడింది.

1899లో నాయుడుగారు సికిందరాబాదులోని మహబూబు కళాశాలకు అధ్యక్షులై అయిదేండ్లు పనిచేశారు. 1893లో అమెరికా ప్రయాణానికి ముందు స్వామి వివేకానంద ఉపన్యసించిన విద్యాలయం అది. అక్కడినుండి 1904లో కాకినాడలోని పిఠాపురం రాజా కళాశాలకు అధ్యక్షులుగా వచ్చారు. ఆ పదవిలో పదిహేనేండ్లపాటు, అనగా 1919 వరకు కొనసాగారు. ఆయన జీవితంలో ఇదే స్వర్ణయుగం.

కాకినాడలో నాయుడుగారికి అండగా నిలిచినవారు పిఠాపురం మహారాజా రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు బహద్దరుగారు. మహారాజావారు నాయుడుగారిని గురువుగా భావించారు. సంస్థానాధీశుని సంపద, ఆచార్యుని సంకల్పం కలియడంతో ఆ పట్టణంలో అనేక సత్కార్యాలు రూపుదాల్చాయి. అనాథ శరణాలయం వెలసింది. బ్రహ్మమందిరం నిర్మాణమైంది. స్త్రీలు కళాశాలలో పురుషులతోపాటు చదువుకొనడం విడ్డూరంగా తోచిన ఆ రోజులలో నాయుడుగారు తమ కళాశాల ద్వారాలను యువతులకు తెరిచారు. దళిత విద్యార్థులకు ప్రవేశం కల్పించి, ఉచితంగా చదువుకొనే ఏర్పాటు చేయించారు. వారికొక వసతిగృహం కూడా ఏర్పడింది. ఆయన తమ ఇంటనే అనాథ బాలికను కన్నకూతురివలె పెంచి, చెప్పిన నీతికీ చేసే పనికీ భేదం లేదని నిరూపించారు.

ఇక్కడ ఒక విషయాన్ని నిదానించి చూడవలసి ఉంది. దళిత బాలురకు వసతిగృహం కట్టించడం మహత్కార్యమే. ఆ నీడ లేకపోతే దూరగ్రామాల నుండి వచ్చిన బాలునికి పట్టణంలో తలదాచుకొనే చోటు దొరికేది కాదు; చదువు మొదటి నెలలోనే ముగిసిపోయేది. కాని అది వేరుగా ఉన్న వసతిగృహం. తక్కిన విద్యార్థుల బసలలో వారికి చోటు లేనందువల్లనే అది అవసరమైంది. అధ్యక్షుడు ఆజ్ఞాపించి ఇద్దరిని ఒకే బల్లపై కూర్చుండబెట్టగలడు. మహారాజు ధనమిచ్చి అన్నం పెట్టించగలడు. ఆ ఇద్దరూ ఒకరి యింటికి ఒకరు పోయి, ఒకరి కష్టం ఒకరు విని, చేయి చేయి కలిపేటట్లు చేయడం ఎవరి ఆజ్ఞవల్లను సాధ్యం కాదు. అది తోటివారు తమంతట తాము చేయవలసిన పని. నాయుడుగారు ఈ సూక్ష్మం ఎరిగినవారు. అందుచేతనే ఆయన నియమాలకంటె స్నేహానికి, శాసనంకంటె సంభాషణకు ఎక్కువ విలువ ఇచ్చారు. బ్రహ్మసమాజ ప్రార్థనలు ఇందుకు చక్కని వేదికలయ్యాయి. అక్కడ కులభేదం పాటింపబడదు. వేదం చదివిన ఇంటి బిడ్డ, పొలం దున్నిన ఇంటి బిడ్డ ఒకే చోట కూర్చొని ప్రార్థించి, ఆ పిమ్మట తమ సందేహాలను ఒకరితో ఒకరు చెప్పుకొనగలిగేవారు.

ఈ వాతావరణంలో రూపొందిన యువకులలో దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు ప్రముఖులు. 1897లో పిఠాపురం సమీపాన పండిత కుటుంబంలో జన్మించిన ఆయన పిఠాపురం రాజా కళాశాలలో చదివి నాయుడుగారి ప్రభావానికి లోనయ్యారు. చదువు ముగించి ఉపాధ్యాయులుగా ఉన్న కాలంలో కృష్ణశాస్త్రిగారు పిఠాపురంలోని దళిత వసతిగృహం నుండి కొందరు బాలురను తమ ఇంటికి తీసికొనివచ్చారు. శతాబ్దాలుగా ఆ వాకిట అడుగు పెట్టని వారు అతిథులుగా లోనికి వచ్చారు. బంధువులు ఈ చర్యను సహింపలేక ఆయనను వెలివేశారు. కృష్ణశాస్త్రిగారు పట్టు విడువలేదు. ఉద్యోగాన్ని సైతం వదలి బ్రహ్మసమాజ ప్రచారకులై ఊరూరా తిరిగారు. భావకవిగా ఆయన కీర్తి అందరికీ తెలిసినదే. ఆ సుకుమార కవితా హృదయం వెనుక వెలిని సైతం లెక్కచేయని ధైర్యం ఉన్నదన్న సంగతి కూడా విద్యార్థులు గుర్తుంచుకోదగినది. వసతిగృహం గోడ చేయలేని పనిని ఆయన యింటి వాకిలి చేసింది.

ఆ కళాశాలలోనే చదివిన గుడిపాటి వెంకటచలంగారిది మరొక మార్గం. విద్యార్థి దశలో బ్రహ్మసమాజం వైపు ఆకర్షితులైన చలంగారు కాలక్రమంలో దానిని కూడా దాటి తమ స్వతంత్ర భావాలతో సాహిత్యాన్ని సృష్టించారు. నీతి, వివాహం, స్త్రీ స్వేచ్ఛ మొదలైన విషయాలలో ఆయన అభిప్రాయాలు నాయుడుగారి అభిప్రాయాలకు బహుదూరం. ఒకే గురువు ప్రభావంలో పెరిగినవారు ఇంత భిన్నంగా ఎదగడాన్ని కొందరు లోపంగా భావించవచ్చు. కాని అది ప్రశ్నించడం నేర్పిన విద్యకు ఫలితమే. ప్రశ్నించడం నేర్చినవాడు ఏదో ఒకనాడు గురువును సైతం ప్రశ్నింపక మానడు.

రాజకీయాలలో కూడా ఇదే జరిగింది. మచిలీపట్నంలో ఆయన శిష్యులైన డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు, ముట్నూరి కృష్ణారావుగారు జాతీయోద్యమంలో ప్రవేశించారు. కృష్ణారావుగారు కృష్ణాపత్రిక సంపాదకులుగా స్వాతంత్ర్య భావాలను ఇంటింటికి చేర్చారు. వారి కృషితో 1910లో మచిలీపట్నంలో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసింది. పట్టాభిగారు పలుమార్లు చెరసాలకు వెళ్ళి, 1948లో జయపూరులో జరిగిన కాంగ్రెసు మహాసభకు అధ్యక్షులయ్యారు. గురువుగారు మాత్రం ప్రభుత్వంతో సంఘర్షణకు దిగక, విద్య, సంఘసంస్కరణల మార్గంలోనే నడిచారు. ఆంగ్ల ప్రభుత్వం 1924లో ఆయనకు సర్ బిరుదమిచ్చింది. ఒకే బడిలో గురుశిష్యులై మెలగినవారు దేశసేవకు వేర్వేరు దారులు ఎంచుకొన్నారు. అభిప్రాయభేదం విరోధంగా పరిణమించనవసరం లేదనడానికి ఇంతకంటె నిదర్శనం ఏమి కావాలి?

కాకినాడ కళాశాల బాధ్యతల నుండి విరమించిన పిమ్మట నాయుడుగారిని మరొక గురుతర బాధ్యత వరించింది. 1925 నుండి 1928 వరకు ఆయన మద్రాసు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా వ్యవహరించారు. ఏ నగరంలో విద్యార్థిగా అడుగుపెట్టారో ఆ నగరంలోని విశ్వవిద్యాలయానికే అధినేత కావడం ఆయన విద్వత్తుకు లభించిన గౌరవం. ఆ కాలంలోనే, 1926లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం కూడా అవతరించి తెలుగువారి చిరకాల వాంఛ నెరవేరింది. పదవులు, బిరుదులు ఎన్ని వచ్చినా ఆయన నిరాడంబరత తగ్గలేదు. అదే తెల్లని వస్త్రం, అదే ప్రార్థన, విద్యార్థులపట్ల అదే వాత్సల్యం. ప్రజలు ఆయనను బ్రహ్మర్షి అనీ, కులపతి అనీ పిలుచుకొన్నారు. ప్రాచీన కాలంలో వేలాది శిష్యులకు అన్నవస్త్రాలిచ్చి విద్య గరపిన ఋషిని కులపతి అనేవారు. కులభేదాలను నిరసించిన మహనీయునికి ఆ పేరు చక్కగా అమరింది. ఆయన కులంలో ప్రవేశానికి పుట్టుకతో పని లేదు. నేర్చుకొనాలన్న కోరిక ఉంటే చాలు.

నాయుడుగారు 1939వ సంవత్సరం మే 26వ తేదీన పరమపదించారు. ఆయన కన్న కలలు కొన్ని ఆ తరువాత శాసనాలుగా మారాయి. 1946లో నెల్లూరు మూలపేటలోని వేణుగోపాలస్వామి ఆలయంలో దళితుల ప్రవేశానికై పొట్టి శ్రీరాములుగారు నిరాహార దీక్ష పూనారు. 1950లో అమలులోకి వచ్చిన భారత రాజ్యాంగం పదునేడవ అధికరణం ద్వారా అస్పృశ్యతను రద్దుచేసింది. ఒకనాడు కాకినాడలో ఒక అధ్యక్షుని సంకల్పబలంతో జరిగిన ప్రవేశం నేడు దేశమంతటా ప్రతి విద్యార్థికీ హక్కు.

చట్టం చేయగలిగినది చట్టం చేసింది. మిగిలినది విద్యార్థుల చేతిలోనే ఉంది. శ్రీరాములుగారు దీక్ష పూనిన ఆ నెల్లూరు సీమలోనే, పులికాటు సరస్సుకు చేరువలోనున్న చిట్టమూరు వంటి మారుమూల ప్రాంతాల నుండి యానాదుల బిడ్డలు, మత్స్యకారుల బిడ్డలు, రైతుల బిడ్డలు, కూలీల బిడ్డలు నేడు కళాశాలలకు వస్తున్నారు. వారి మాటతీరు వేరు, పండుగలు వేరు, ఇంట వండుకొనే కూర వేరు. కొందరి ఇంట తామే మొదటి తరం చదువరులు. ఒకే తరగతిలో రెండేండ్లు గడిపియు, ప్రక్కన కూర్చున్నవాని ఊరు, వాని తల్లిదండ్రుల వృత్తి, వాని ఇబ్బంది తెలియకుండానే విడిపోయేవారు ఎందరో. ఎగతాళికి వెరచి తన కులాన్ని, తన యాసను దాచుకొని తిరిగే బాలుడు నేటికీ ఏదో ఒక వరుసలో చివరి బల్లపై కూర్చొనే ఉంటాడు. వానిని పలుకరించడానికి ఏ శాసనమూ రాదు. తోటి విద్యార్థియే పలుకరించాలి. తాను చెప్పదలచినది చెప్పి, వాడు చెప్పేది ఓపికతో వినాలి. తెలియనిది అడిగి తెలిసికోవాలి. మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పినప్పుడు కాస్త జరిగి చోటివ్వాలి.

వేంకటరత్నం నాయుడుగారు తీర్చిదిద్దిన యువకులు చేసినది ఇదే. వారిలో కొందరు కవులయ్యారు, కొందరు దేశభక్తులయ్యారు. పేరు తెలియని వేలాదిమంది ఉపాధ్యాయులై, న్యాయవాదులై, గృహస్థులై తమ తమ ఊళ్ళలో స్థిరపడ్డారు. తోటి మనిషిని పుట్టుకను బట్టి కాక గుణాన్ని బట్టి గౌరవించాలన్న పాఠాన్ని వారు కళాశాలలో గురువు వద్ద విన్నారు, స్నేహితుల నడుమ నేర్చుకొన్నారు. ఆ పాఠాన్ని ప్రతి తరమూ మరల మొదటినుండి నేర్చుకొనవలసిందే.